తగ్గిందని చెప్పకుండా

మడమను పరుపు మీద మెల్లగా వెనక్కి లాక్కుంటూ, చెవులు మాత్రం వంటింటి వైపు పెట్టింది దుప్పట్లక్క. కుళాయి ఆగింది. గిన్నెల చప్పుడు మొదలైంది. అంటే తోడికోడలు ఇంకా కాసేపు ఇటు రాదు. మడమ మరికొంచెం వెనక్కి జరిగింది. మోకాలు గుడారంలా పైకి లేచింది. తొడ వెనక కండరం బిగుసుకుంది కానీ నొప్పి లేదు. చాన్నాళ్ళుగా తెరవని తలుపు కదిలినప్పుడు ఉండే బిరుసుతనం, అంతే. ఆపరేషన్ అయిన కొత్తలో ఆ కాలు తనది కానట్టు, ఎవరో పక్కలో పెట్టి మరిచిపోయిన దుంగలా పడుండేది. ఇప్పుడు చెప్పిన మాట వింటోంది. చెప్పకముందే వింటోంది.

అదే ఆవిడ భయం.

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు వినగానే మడమను సగం దూరం ముందుకు తోసేసి, కళ్ళు మూసుకుని, పళ్ళ సందున గాలి పీల్చింది.

"టీ," అంది తోడికోడలు, గ్లాసు బల్ల మీద పెడుతూ. "వంగుతోందా?"

"ఏం వంగడమో. ప్రాణం పోతోంది."

"ఊఁ," అంది తోడికోడలు. మడమ కింద నలిగిన తువ్వాలు సరిచేసి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ 'ఊఁ'లో ఏముందో దుప్పట్లక్కకి అంతుపట్టలేదు. నమ్మిందా? నమ్మనట్టు నమ్మిందా? టీ తాగినంతసేపూ అదే ఆలోచన. ఈరోజు ఫిజియో మేడమ్ వస్తుంది. మోకాలు ఎంత వంగుతోందో కొలుస్తుంది. తర్వాత ఏమవుతుందో తలుచుకుంటూ అడుగున మిగిలిన టీ వదిలేసింది.

ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. భర్త పోయాక ఇంట్లో ఆ పేరు వినబడటమే మానేసింది. బజారులో మాత్రం అందరికీ ఆవిడ దుప్పట్లక్కే. మూడంతస్తుల బట్టల షాపులో, పై అంతస్తులో, పరదాలకీ తువ్వాళ్ళకీ మధ్య ఉండే దుప్పట్ల కౌంటరు వెనక పెళ్ళైన కొత్తలో నిలబడింది. ఆపరేషన్ దాకా నిలబడే ఉంది. ఆ షాపులో అమ్మేవాళ్ళు కూర్చోకూడదు. అమ్మేవాళ్ళు కూర్చుంటే కొనేవాళ్ళకి బద్ధకం అంటుకుంటుందని మొదటి యజమాని నమ్మకం. ఆయన పోయి చాలా కాలమైనా నమ్మకం మాత్రం పోలేదు.

దుప్పటి విప్పి చూపించడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. రెండు కొసలు పట్టుకుని ఒక్క విసురు విసిరితే అది గాల్లో పొంగి, బల్ల మీద ముడత లేకుండా వాలేది. అది వాలేలోగా కొనేవాళ్ళ ముఖంలోకి చూసేది. నచ్చిందా, ధర దగ్గర ఆగారా, ఊరికే పొద్దుపోక వచ్చారా అన్నది అక్కడే తెలిసిపోయేది. పొద్దుపోక వచ్చినవాళ్ళకి కూడా బల్ల నిండా విప్పి చూపించేది. వాళ్ళు "మళ్ళీ వస్తాం" అని చల్లగా జారుకుంటే, "రండి రండి" అని నవ్వి, అన్నీ మళ్ళీ మడిచేది. కొత్తగా చేరిన అమ్మాయిలు ఏడుపు ముఖం పెడితే, "వాళ్ళు పోయారు గానీ దుప్పట్లు ఎక్కడికీ పోలేదుగా," అని ఊరడించేది.

నొప్పి మొదట్లో సాయంత్రాలు మాత్రమే వచ్చేది, చుట్టంచూపుగా. తర్వాత మధ్యాహ్నానికే వచ్చి కూర్చోసాగింది. చివరికి పెట్టేబేడాతో సహా దిగిపోయింది. ఎవరూ చూడనప్పుడు నడుమును కౌంటరుకి ఆనించి ఒంటికాలి మీద నిలబడేది. మందు రాసుకుంటే ఆ వాసన కొత్త దుప్పట్లకి పడుతుందని మేనేజరు అన్నాడు, అదీ మానేసింది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి, "ఎముకకి ఎముక రాసుకుంటోందమ్మా, మధ్యలో మెత్తదనం ఏమీ మిగల్లేదు," అన్నప్పుడు, అణిగిపోయిన పరుపు గురించి ఎవరో చెబుతున్నట్టు విని తలూపింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ మాట డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, పక్క మంచం పేషెంటు కూతురు కూడా చెప్పింది. దుప్పట్లక్కకే నమ్మకం కుదరలేదు. రోజూ లేవగానే అరచేతిని తిరగేసి మోకాలి మీద ఆనించి చూసుకునేది. వేడిగా తగిలితే చీము పట్టిందేమో. రెండో మోకాలి మీద కూడా పెట్టి చూసేది. రెండూ ఒకలాగే ఉంటే, ఆ వేడి తన చేతిదేమో. పిక్కలు నొక్కుకునేది. పిక్క వాచినా నొప్పి పుట్టినా ఆలస్యం చేయకుండా రమ్మని ఇంటికి పంపేటప్పుడు మరీ మరీ చెప్పారు కదా. నడుస్తుంటే లోపల టిక్కుమనేది. కొత్తగా పెట్టిన మోకాలు లోహం కదా, మామూలే అన్నారు. మామూలు చప్పుడేదో, మామూలు కానిదేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. స్నానాలగదిలో నేల తడిగా ఉందేమో, చాప అంచు పైకి లేచిందేమో, వాకర్ కాలికున్న రబ్బరు ఊడిందేమో! ప్రతి అడుగు వెనకా ఒక 'ఏమో' నడిచేది. మోకాలి మీద నిలువునా జానెడు పొడవున మానిన కుట్ల గీత చూస్తే, నిద్రలో అది జిప్పులా తెరుచుకుంటే తన గతేంటని భయం.

ఇన్ని ఏమోల మధ్య కాలు మాత్రం తన మానాన తాను బాగుపడుతూ వచ్చింది. వాకర్ మూలకి చేరింది, చేతికర్ర వచ్చింది. వాపు దిగి పాదం మీద నరాలు మళ్ళీ కనబడ్డాయి. అక్కడి నుంచి ఇంకో దిగులు పట్టుకుంది. కాలు బాగుపడితే తోడికోడలు వెళ్ళిపోతుంది.

అసలు తోడికోడలు ఈ ఇంటికి రావడమే ఒక వింత.

ఇద్దరూ ఒకే ఇంట్లో చాలా ఏళ్ళు కాపురం చేశారు. అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఇంటి పని రెండుగా చీలింది. పెద్ద కోడలు షాపుకి, చిన్న కోడలు మంచం దగ్గరికి. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. పెద్దామెకి అప్పటికే ఉద్యోగం ఉంది, చిన్నామెకి లేదు. పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన బట్టలు వేసుకుని దుప్పట్లక్క బయటికి నడుస్తుంటే, వెనక నుంచి చిన్నామె బేసిన్ కడిగే చప్పుడు వినిపించేది. సాయంత్రం వచ్చి కాళ్ళు పీకుతుంటే గోడకి చేరగిలబడేది. అదే సమయానికి చిన్నామె నడుం పట్టుకుని అత్తగారిని పక్కకి తిప్పుతుండేది. ఇద్దరూ అలిసిపోయే ఉండేవాళ్ళు. ఎవరి అలసట వాళ్ళకి పెద్దది.

అత్తగారు పోయిన కొద్ది రోజులకి చిన్నామె పెరట్లో ఆ మంచం మీది దుప్పట్లన్నీ వేసుకుని ఉతుకుతోంది. షాపు నుంచి అప్పుడే వచ్చిన దుప్పట్లక్క అలవాటు కొద్దీ ఒక కొస పట్టుకుని చూసి, "ముందు నానబెట్టాల్సింది చిన్నమ్మాయ్, మరక పోయేది," అంది. కౌంటరు దగ్గర రోజూ పదిమందికి చెప్పే మాట అది.

చిన్నామె చేతిలోది వదిలేసి లేచి నిలబడింది.

"మరకల సంగతి నువ్వా నాకు చెప్పేది? ఇన్నేళ్ళలో ఒక్కనాడు ఈ దుప్పటి మార్చావా? నువ్వూ మంచమెక్కే రోజొస్తుంది. ఆ రోజు నిన్నెవరు చూస్తారో, అదీ చూస్తాను."

దుప్పట్లక్క పట్టుకున్న తడి కొస తీగ మీద వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఏడాది తిరక్కుండానే అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టారు. మరిది ఇంకో ఊళ్ళో మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు తెరిచాడు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తోడికోడళ్ళిద్దరూ "బాగున్నావా" అంటే "బాగున్నా" అనుకునేవాళ్ళు. దుప్పట్లక్క భర్త పోయినప్పుడు చిన్నామె వచ్చింది, అందరితో పాటు కూర్చుంది, అందరితో పాటు లేచి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ సంగతి దుప్పట్లక్క చుట్టాలెవరికీ చెప్పలేదు. పిల్లలు లేరు కాబట్టి చెప్పి తీరాల్సినవాళ్ళూ లేరు. ఎదురింటి టైలరమ్మకి తాళంచెవి ఇచ్చి ఆసుపత్రికి వెళ్ళింది. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన భుజానికి సంచితో తోడికోడలు నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. చెంపలు లోపలికి పోయాయి. నిలబడే తీరు మాత్రం అదే, కొట్లాటకి వచ్చినట్టు.

"బాత్రూం ఎటుంది?" అని అడిగింది.

అన్నేళ్ళ తర్వాత మొదటి మాట అదే. బెడ్‌పాన్ కడిగి తెచ్చింది, మంచం కింద పెట్టింది, సంచి మూల పడేసింది. ఆ వేళ నుంచి ఉండిపోయింది. టైలరమ్మ ఫోన్ చేసిందని తర్వాతెప్పుడో తెలిసింది.

తోడికోడలు బెడ్‌పాన్ పట్టుకుని వచ్చినప్పుడల్లా దుప్పట్లక్క ముఖం గోడకి తిప్పుకునేది. ఇప్పుడంటుంది. 'చూశావా' అంటుంది. అనలేదు. ఇంటికి వచ్చాక ఒళ్ళు తుడిచినప్పుడు అనలేదు. కట్టు మార్చినప్పుడు అనలేదు. అనేస్తే బాగుండునని కూడా ఒక్కోసారి అనిపించేది. అసలు తనని చూసుకోవడానికి వచ్చిందా, చూస్తానన్నది చూడటానికి వచ్చిందా? అడగడానికి ధైర్యం చాల్లేదు. ముళ్ళ మీద పడుకున్నట్టే పడుకుంది.

ఏ రోజున ఆ భయం పక్కకి తప్పుకుందో ఆవిడకే తెలియదు. ఏదో ఒక మధ్యాహ్నం, వంటింట్లో తోడికోడలు తనలో తాను పొయ్యితో పోట్లాడుకుంటుంటే విని నవ్వొచ్చింది. ఇంట్లో ఇంకో మనిషి దగ్గడం, తలుపు తీసి వేయడం, "ఈ డబ్బాకి మూతేది" అని గోడల్ని అడగడం, ఇవన్నీ లేకుండా ఇన్నేళ్ళు ఎలా ఉందో తనకే అర్థం కాలేదు. ఆ రాత్రి నుంచే మడమను సగం దూరంలో ఆపడం మొదలుపెట్టింది.

ఎండ ఎక్కాక ఫిజియో మేడమ్ వచ్చింది. పొట్టి మనిషి. చేతులు మాత్రం గట్టివి. లిఫ్టు లేని మేడ ఎక్కొచ్చిన ఆయాసం తీరకముందే మోకాలు చేతుల్లోకి తీసుకుంది.

"ఊపిరి వదలండి. వదలండమ్మా. మీ కాలు నేనేం పట్టుకుపోనుగా."

దుప్పట్లక్క వదల్లేదు. తొడని రాయి చేసుకుంది. గుమ్మం దగ్గర తోడికోడలు చేతులు తుడుచుకుంటూ చూస్తోంది.

మేడమ్ కాసేపు అవస్థపడి, పట్టు వదిలి, కబుర్లలోకి దిగింది. "అన్నట్టు, మంచం మీదికి దుప్పట్లు కొనాలండీ. మా చిన్నాడు రోజూ పాలు ఒలకబోస్తాడు. ఎలాంటివి తీసుకోమంటారు?"

"తెలుపు జోలికి పోకండి," అంది దుప్పట్లక్క వెంటనే. "నిగనిగలాడే గుడ్డ కూడా వద్దు, జారిపోతుంది. మందంగా నేసిన నూలు దుప్పటి అడగండి. చేత్తో నలిపి చూడండి, గంజి పొడి రాలితే వదిలేయండి. పాల మరకంటారా, అదెంత పని, పడగానే చన్నీళ్ళలో నాన..."

గుమ్మం వైపు చూసింది. తోడికోడలు చేతులు తుడుచుకోవడం ఆపింది.

"చూశారా!" అని అరిచింది మేడమ్. కింద చూస్తే మడమ తొడకి దగ్గరగా వచ్చి ఉంది. మాటల్లో పడి ఎప్పుడు వంగిందో తెలియలేదు. మేడమ్ కొలత బద్ద మోకాలికి ఆనించి, "బ్రహ్మాండం! పదండి, ఆ మెట్లు కూడా చూసేద్దాం," అంటూ లేపింది.

గుమ్మం దాటి మెట్ల మొదట నిలబడేసరికి దుప్పట్లక్కకి కళ్ళు తిరిగాయి. రోజుకి రెండుసార్లు ఎక్కి దిగిన మెట్లే. ఇప్పుడు బావిలోకి తొంగిచూస్తున్నట్టుంది. మెట్ల అంచులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. పడితే? మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ మత్తు, మళ్ళీ గోడవైపు ముఖం. మెట్ల పక్క కమ్మీని పట్టుకున్న చెయ్యి చెమట్లు పట్టి జారింది. నైటీకి తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది.

"దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. తొందరేం లేదు," అంది మేడమ్.

కొత్త మోకాలున్న కాలు కింది మెట్టు మీదికి దింపింది. ఆనింది. బరువు వేసింది. లోపల టిక్కుమంది. నిలబడింది. రెండో కాలు దాని పక్కకి వచ్చింది. ఇంకో మెట్టు. ఇంకోటి. మలుపు దగ్గరికి చేరేసరికి ఒక్క క్షణం భయపడటం మరిచిపోయింది. నొప్పి లేకుండా మెట్టు దిగి ఎన్నేళ్ళైందో! నవ్వు రాబోయింది. తలెత్తి చూస్తే పైన తోడికోడలు కిందికి చూస్తూ ఉంది. నవ్వు వెనక్కి మళ్ళింది.

పైకి వచ్చాక మేడమ్ తన సంచి సర్దుకుంటూ, "ఇక వంటా స్నానం మీరే చూసుకోవచ్చు. చాలా బాగా కోలుకున్నారు. కర్ర మాత్రం అప్పుడే వదలకండి," అంది.

"అయితే నేనిక బయల్దేరొచ్చా మేడమ్?" అని అడిగింది తోడికోడలు.

ఆ గొంతులో సంతోషముందా, విసుగుందా అని దుప్పట్లక్క వెతికింది. రెండూ దొరకలేదు.

"నిక్షేపంగా," అంది మేడమ్.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మరిది ఫోన్ చేశాడు. తోడికోడలి చేతులు తడిగా ఉండటంతో స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఉప్పు డబ్బా ఎక్కడ?"

"పొయ్యి పక్కన."

"పొయ్యి పక్కన పంచదారుంది."

"నాలిక మీద వేసుకుని చూడు."

ఫోన్‌లో చప్పరించిన చప్పుడు. "ఆఁ. ఇదే," అన్నాడు మరిది. "మరి పొద్దున టీలో వేసిందేంటి?" ఆ తర్వాత, "వదినకెలా ఉంది?" అని అడిగాడు.

"బాగుంది. సాయంత్రం బస్సుకి వస్తున్నా."

పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్న మాటే అయినా దుప్పట్లక్క ప్రాణం ఉసూరుమంది. తనతో చెప్పకుండా ఫోన్‌లో చెప్పింది. తనతో చెప్పడానికి తానేమవుతుంది గనక అనుకుంది మళ్ళీ.

తోడికోడలు బట్టలు మడిచి సంచిలో పెడుతోంది. దుప్పట్లక్క మంచం అంచున కూర్చుని చూస్తోంది. అడ్డదిడ్డంగా మడుస్తోంది, దుప్పట్లక్క చేతులు ఊరుకోవడం లేదు. తీసుకుని తానే మడవాలనిపించింది. మడిస్తే తొందరగా తయారవుతుంది, అందుకని ఊరుకుంది. స్టవ్ ఆపడం మరిచిపోతేనో? స్నానాలగదిలో జారితే ఎవరికి వినబడుతుంది? టైలరమ్మ మిషను చప్పుడులో కేకేసినా వినదు. వచ్చే నెల షాపుకి వెళ్ళాలి. మేనేజరు తన కౌంటరు దగ్గర అప్పుడే ఎవర్నో నిలబెట్టాడని విన్నది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒక్క అబద్ధంగా బయటికొచ్చాయి.

"చిన్నమ్మాయ్, మోకాలు వేడిగా ఉన్నట్టుంది. ఒకసారి చూడు."

తోడికోడలు వచ్చి అరచేతిని తిరగేసి మోకాలి మీద పెట్టింది. తీయకుండా కాసేపు అలాగే ఉంచింది.

"వేడేం లేదు."

"పొద్దున ఉంది."

"పొద్దునా లేదు." చెయ్యి తీసి, బీరువా తలుపుకున్న నిలువుటద్దం వైపు చూపించింది. "అదుగో, ఆ అద్దంలో నీ మంచం అంతా వంటింట్లోకి కనబడుతుంది అక్కా. నేను గిన్నెలు కడుగుతుంటే నువ్వు మడమ చక్కగా తొడదాకా లాగుతావు. నా అడుగు వినబడగానే ముందుకి తోసేసి ప్రాణం పోతోందంటావు."

దుప్పట్లక్కకి తల కొట్టేసినట్టయింది. ఎక్కడ చూడాలో తెలియక తన చేతులకేసి చూసుకుంది.

"ఎప్పటి నుంచి చూస్తున్నావ్?"

"నువ్వు మొదలుపెట్టినప్పటి నుంచి."

"మరి చెప్పలేదే?"

తోడికోడలు మంచం మీద, పక్కనే కూర్చుంది. ఇన్నాళ్ళలో ఆ మంచం మీద కూర్చోవడం అదే మొదలు. ఒళ్ళో సగం మడిచిన జాకెట్టు ఉంది. దాని బొత్తాం తిప్పుతూ, "ఏం చెప్పను? నాకూ ఇక్కడ నిద్ర బాగా పడుతోంది," అంది.

వీధిలో ఎవడో పాత ఇనుము కొంటానని అరుచుకుంటూ పోతున్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదని దుప్పట్లక్కకి అనిపించింది.

"ఆ రోజు పెరట్లో..."

"నానబెట్టాల్సిందే," అంది తోడికోడలు అడ్డొచ్చి. "తర్వాత మళ్ళీ నానబెట్టి ఉతికా. పోయింది మరక. నువ్వు చెప్పింది నిజమే. ఆ రోజు మాత్రం నీ గొంతు వింటే ఒళ్ళు మండిపోయింది."

"నేను అడగాల్సింది చిన్నమ్మాయ్. మరక గురించి కాదు. నీ గురించి అడగాల్సింది."

"అడిగితే మాత్రం ఏం చెప్పుండేదాన్ని? బాగున్నా అనేదాన్ని." జాకెట్టు మళ్ళీ విప్పి దుప్పట్లక్క ఒళ్ళో పడేసింది. "ఇదుగో, మడువు. నీకు నా మడతలు చూసి చేతులు దురద పెడుతున్నాయిగా."

దుప్పట్లక్క నవ్వింది. నవ్వుతుంటే కళ్ళు తడయ్యాయి. జాకెట్టు రెండు భుజాలు కలిపి, చేతులు లోపలికి మడిచి, అరచేత్తో నున్నగా రాసి ఇచ్చింది. తర్వాత సంచిలోవన్నీ బయటికి తీయించి మొదటి నుంచి తానే సర్దింది. సంచిలో సగం ఖాళీ మిగిలింది.

"మళ్ళీ వస్తావా?" అని అడిగింది.

"మళ్ళీ వస్తాం అన్నవాళ్ళెవరైనా వచ్చారా మీ షాపుకి?" అంది తోడికోడలు. దుప్పట్లక్క ముఖం చూసి, "వస్తాలే. రెండో మోకాలు కూడా ఉందిగా నీకు," అని లేచింది.

బస్సు వేళకి తోడికోడలు ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, సంచి భుజాన వేసుకుంది. స్టవ్ దగ్గర గిన్నె మీద మూతుందని, రాత్రికి సరిపోతుందని చెప్పింది. పాలు తోడెయ్యొద్దు, పొద్దున టీకి కావాలంది. స్నానాలగదిలోకి వెళ్ళేముందు టైలరమ్మకి ఒక మిస్డ్ కాల్ ఇమ్మంది, బయటికి రాగానే ఇంకోటి ఇమ్మంది. రెండోది రాకపోతే ఆవిడ తలుపు తీసుకుని వస్తుందట. ఇవన్నీ ఎప్పుడు మాట్లాడి పెట్టుకుందో.

"నువ్వు మెట్లు దిగకు. గడప దగ్గరే ఉండు."

"దిగగలను."

"తెలుసులే, చూశాగా."

గడప దగ్గర దుప్పట్లక్క కర్ర ఆనించి నిలబడింది. తోడికోడలు మెట్ల మొదట ఒక్క క్షణం ఆగింది. తర్వాత పక్కకి తిరిగి, గోడ మీద అరచెయ్యి ఆనించి, ఎడమ కాలు కిందికి దింపి, కుడి కాలు దాని పక్కకి చేర్చింది. మళ్ళీ ఎడమ కాలు. మళ్ళీ కుడిది పక్కకి. మలుపు దాకా ఒక్కో మెట్టూ అలాగే దిగింది. సంచి బరువేమో అనుకుంది దుప్పట్లక్క. సగం ఖాళీగా ఉన్న సంచిని తానే సర్దిన సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. పిలుద్దామనుకుంది. ఏమని పిలవాలో తోచేలోపు మలుపు దగ్గర నెరిసిన ముడి కనబడి, గోడ చాటుకి వెళ్ళిపోయింది. కింద వీధి తలుపు తెరుచుకుని మూసుకుంది.

లోపలికి వచ్చి గొళ్ళెం వేసింది. వేసిన గొళ్ళెం మళ్ళీ తీసింది. ఏమైనా అయితే టైలరమ్మ ఎలా వస్తుంది? ఇంట్లో గడియారం చప్పుడు పెద్దదైంది. నడుస్తుంటే మోకాలు టిక్కుమంటోంది. గది దాటింది, బల్ల పట్టుకోకుండానే వంటింటి దాకా నడిచింది. ఎవరూ చూడటం లేదు కాబట్టి కుంటాల్సిన పని లేదు.

స్నానాలగది గుమ్మం పక్కన తోడికోడలి రబ్బరు చెప్పులు ఉన్నాయి. ఇంట్లో వేసుకోవడానికని ఊరి నుంచి తెచ్చుకున్న పాత నీలం జత. బస్సుకని బయటి చెప్పులు వేసుకుని, వీటిని మరిచిపోయినట్టుంది. దారిలో కాలికి తగులుతాయని దుప్పట్లక్క కర్ర కొనతో పక్కకి నెట్టబోతే ఒకటి బోర్లా పడింది. రెండోదాన్ని కూడా తనే తిప్పి చూసింది. చాలాసేపు వంగి చూస్తూ ఉండిపోయింది. నొప్పి ఇంకా సాయంత్రాలు మాత్రమే వచ్చే రోజుల్లో తన చెప్పులూ ఇలాగే ఉండేవి. షాపుకి నడిచి నడిచి అలా అయ్యాయనుకుంది అప్పట్లో.

కుడి చెప్పు అడుగు మామూలుగానే ఉంది. ఎడమది మాత్రం మడమ దగ్గర బయటి అంచు పూర్తిగా అరిగిపోయి, పలచబడ్డ రబ్బరులోంచి వేలి కొనంత మేర వెలుతురు కనబడుతోంది.